కడుగు బస్తా

కోసిన కోడి రొమ్ము ముక్కను కొక్కేనికి వేలాడదీసి ఒక రోజు వదిలేస్తే, అది మెల్లగా నీళ్లు కారుస్తుంది. ఆరోగ్యంగా పెరిగిన కోడి మాంసం పిసినారి. వంద గ్రాముల ముక్క రెండు గ్రాములు వదలడానికి కూడా వెనకాడుతుంది. పేగుల్లో బాక్టీరియా చేరి, తిన్నది ఒంటబట్టక, ఎలాగో నలభై రెండు రోజులు ఈడ్చుకొచ్చిన కోడి మాంసం అలా కాదు. పాలిపోయి, వేలితో నొక్కితే మళ్లీ లేవకుండా, తనలో ఉన్నదంతా ఒలకబోసుకుంటుంది. ఎంత ఒలికిందో తూచి కాగితం మీద రాయడం ఆమె ఉద్యోగం.

కోళ్ల పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను చుక్కలక్క అంటారు. పేరు ఆకాశంలో ఉంది, పని మాత్రం చలిగదిలో అని ఆమె మరదలు వేళాకోళమాడుతుంది.

ఆ చలిగది ఇరుకు. తెల్ల పెంకుల గోడలు, తలకు తగిలేంత ఎత్తులో నాలుగు వరసల ఇనుప కడ్డీలు, కడ్డీలకు కొక్కేలు, ఒక్కో కొక్కేనికి పల్చటి సంచిలో ఒక్కో ముక్క. ముక్క సంచికి తగలకూడదు. తగిలితే వదిలిన నీళ్లనే మళ్లీ పీల్చుకుంటుంది, తూకం అబద్ధమవుతుంది. తలుపు మూస్తే లోపలి నిశ్శబ్దానికి కూడా చలి వేస్తున్నట్టుంటుంది. చుక్క పడిన చప్పుడు ఎవరికీ వినిపించదు. ఆమెకు వినిపిస్తుందని మిగతావాళ్లు అంటారు, ఆమె కాదనదు. భర్త పాత ఉన్ని కోటు తొడుక్కుని, స్టూలు మీద కూర్చుని, వాన కోసం చూసే మనిషిలా ఆ సంచుల అడుగులకేసి చూస్తూ ఉంటుంది.

ఆమె దేన్నీ ఊరికే నమ్మదు. పొద్దున్నే త్రాసును నమ్మే ముందు దాని మీద ఇత్తడి రాయి పెట్టి చూస్తుంది. ఇత్తడి రాయిని నమ్మే ముందు గుడ్డతో తుడుస్తుంది. తుడిచే ముందు గుడ్డను వాసన చూస్తుంది. ఆమె భర్త దర్జీ. పెళ్లయిన కొత్తలో ఆయన టేపును స్కేలు పక్కన పరిచి, అర అంగుళం సాగిందని పట్టేసింది. ఆయన ఆ సంగతి ఇప్పటికీ నవ్వుతూనే చెబుతాడు గానీ, కొత్త టేపు కొంటే ముందు తెచ్చి ఆమె చేతికే ఇస్తాడు.

పందొమ్మిదేళ్ల వయసులో కేంద్రంలో దాణా కలిపే గదిలో చేరింది. బస్తాలు మోసింది, పారతో తిరగేసింది, తొమ్మిదేళ్లు దుమ్ము మింగింది. దగ్గు తగ్గకపోయేసరికి చలిగదికి మార్చారు. అది జరిగి పన్నెండేళ్లు. దుమ్ము పోయాక కళ్లు బాగా కనిపిస్తున్నాయని, కనిపించినవేవీ బాగా లేవని ఆమె అంటుంది.

ఆ ఏడు కేంద్రంలో ఒక పొడి మీద పరీక్ష జరిగింది. ఉద్యోగం నుంచి రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన, ముక్కుపుటాలు అదిరేంత ఘాటున్న రెండు మూడు రకాల ఆకులు ఎండబెట్టి దంచి చేసిన పొడి అది. దాణాలో కలిపి పెడితే యాంటీబయాటిక్ మందు అవసరం లేకుండానే కోళ్లు పేగుల జబ్బును తట్టుకుంటాయని, మాంసం చెడదని ఆయన నమ్మకం. పొడి మాస్టారని ఆయనకు పేరు కూడా వచ్చేసింది. కోడిపిల్లలను నాలుగు గుంపులుగా విడదీసి పెంచారు. ఒక గుంపుకు జబ్బే అంటించలేదు. రెండో గుంపుకు జబ్బు అంటించి వదిలేశారు. మూడో గుంపుకు జబ్బు, దాణాలో పొడి. నాలుగో గుంపుకు జబ్బు, దాణాలో మందు. ఒక్కో గుంపుకు ఒక్కో రంగు పట్టీ. ఏ రంగు ఏ గుంపుదో పెద్ద డాక్టరుగారు ఒక కాగితం మీద రాసి సొరుగులో పెట్టి తాళం వేశారు. తూచేవాళ్లకు తెలిస్తే చెయ్యి అటువైపు ఒరుగుతుందని.

నలభై మూడో రోజు ముక్కలు వచ్చాయి. నలభై నాలుగో రోజు ఆమె తూచింది. మర్నాడు తూకాల కాగితం డాక్టరుగారి బల్ల మీద పెట్టింది.

"ఏ రంగు ఏదో నేను చెప్పనా సార్?" అంది.

"చెప్పమ్మా, చూద్దాం."

"తెలుపు ఒళ్లు బాగున్నవి. వందకు రెండే వదిలాయి. ఎరుపు జబ్బువి, ఐదు దాకా వదిలాయి. పచ్చ, నీలం రెండూ మందు తిన్నవి, రెండున్నర. ఒకే గుంపుకు రెండు రంగులెందుకు పెట్టారో నాకర్థం కాలేదు. నన్ను పరీక్ష చేద్దామనా?"

డాక్టరుగారు సొరుగు తాళం తీసి కాగితం విప్పి పగలబడి నవ్వారు. "నీలం మందు. పచ్చ మన మాస్టారి పొడి! నువ్వే తేడా పట్టలేకపోయావంటే ఇంకేం కావాలమ్మా? రిపోర్టు ఇవాళే మొదలెడతా."

ఆమె నవ్వలేదు. తోడబుట్టినవాళ్లు ఒకేలా ఉండొచ్చు. వేరు వేరు ఇళ్లలో పుట్టిన ఇద్దరు ముక్కు, చెవి, గోళ్లతో సహా ఒకేలా ఉంటే, ఎక్కడో ఎవరో ఏదో దాస్తున్నారు. ఆకు మందులా పనిచేయొచ్చు. కానీ మందే అయిపోతుందా?

ఇంటికి వెళ్లేసరికి మరదలు పెరట్లో దాణా తొట్లు తోముతోంది. రెండు వాటాల ఇల్లు, మధ్యలో ఒకే పెరడు. తమ్ముడు లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఊరి చివర ఉన్న కోళ్ల షెడ్డును మరదలే నడుపుతోంది.

"వదినా, నీ మొహం చూస్తే పొడి పనిచేసినట్టే ఉంది."

"మొహాలు చూసి చెప్పేటట్టయితే నాకు త్రాసెందుకే?"

"పనిచేసిందా, లేదా?"

"పనిచేసింది."

"అమ్మయ్య! ముత్యం రాలింది."

"మరీ ఎక్కువ పనిచేసింది."

మరదలు తొట్టి బోర్లించి లేచి నిలబడింది. "ఎక్కువ పనిచేస్తే నీకేం నొప్పి? మీ తమ్ముడు తక్కువ పనిచేస్తే ఏడుస్తావు, పొడి ఎక్కువ పనిచేస్తే ఏడుస్తావు. నీతో ఎలాగమ్మా?"

నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు కిందే భయం ఉంది. వరసగా రెండు బ్యాచీలు పేగుల జబ్బుతో పోయాయి. చావగా మిగిలినవి కూడా అమ్ముడుపోలేదు. హాస్టళ్లకు మాంసం సరఫరా చేసే ఆసామి ఒక్కడే ఆమె దగ్గర కొంటాడు. మందు వాడిన కోడి తనకు వద్దంటాడు. మందు వాడకపోయినా, మాంసం వందకు మూడున్నర కంటే ఎక్కువ నీళ్లు వదిలితే వద్దంటాడు. మూడోసారి కూడా ఇలాగే అయితే ఇంక రానన్నాడు. అతను రాకపోతే షెడ్డు మూతే.

"సోమవారం మూడు వేల పిల్లలు దిగుతున్నాయి వదినా. ఆదివారం లోపల నాకు ఒక్క మాట కావాలి. మందు లేకుండా పొడిని నమ్ముకోవచ్చా, లేదా? నువ్వు ఊఁ అంటే ఊఁ. ఉహూఁ అంటే పిల్లలే వద్దని చెప్పేస్తా. అంతే."

ఆ రోజు మంగళవారం.

బుధవారం పొద్దున ఆమె పొడి మాస్టారి ఇంటికి వెళ్లింది. ముందుగది నిండా జల్లెడలు, మూతలు బిగించిన సీసాలు. ప్రతి సీసా మీదా బడి పలక మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. కిటికీలోంచి పడుతున్న ఎండలో పచ్చటి ధూళి తేలుతోంది. ఆయన కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చునే ముందు ఇంకోసారి తుడిచింది.

"మాస్టారూ, ఈ పొడిలో ఇంకా ఏం కలుపుతారు?"

"కష్టం కలుపుతానమ్మా."

"అది కాక?"

ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చూశాడు. "నలభై ఏళ్లు పిల్లల కాపీలు పట్టుకున్నవాణ్ని. నువ్వడిగేది ఏమిటో నీ గొంతే చెబుతోంది. మందు కలిపి ఆకు పేరు పెట్టానని నీ అనుమానం. అంతేనా?"

"కలిపారా?"

ఆయన సీసా మూత బిగించాడు. బిగిసిన తర్వాత కూడా ఇంకో రెండు చుట్లు తిప్పాడు. "వెళ్లి రామ్మా" అన్నాడు. ఆ 'రా'లో రమ్మనడం ఏ కోశానా లేదు.

అప్పటికే చిటికెడు పొడి ఆమె చేతిరుమాలులో ముడిపడి ఉంది.

దాన్ని తీసుకెళ్లి బూజమ్మాయికి ఇచ్చింది. కేంద్రంలో గాజు పళ్లేల మీద క్రిములను పెంచే అమ్మాయి ఆమె. ఇంట్లో పెంపుడు పిల్లి గురించి చెప్పినంత ముద్దుగా బాక్టీరియా గురించి చెబుతుంది. పళ్లెం అంతా బాక్టీరియా పూసి, మధ్యలో అనుమానం ఉన్న పదార్థంలో ముంచిన చిన్న కాగితం బిళ్ల పెడుతుంది. అందులో మందు ఉంటే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ ఏర్పడుతుంది, చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు. లేకపోతే బిళ్ల అంచుదాకా మబ్బు.

"దాణాలో ఏ పాళ్లలో కలుపుతారో అదే పాళ్లలో కలిపి పెట్టు" అంది చుక్కలక్క.

"మాస్టారు దొరికిపోతారంటావా అక్కా?"

"దొరకాలి కదా మరి."

గురువారం పొద్దున పళ్లెం తీసి చూశారు. పొడి బిళ్ల చుట్టూ అంచుదాకా మబ్బే. గుడి లేదు.

చుక్కలక్క పళ్లేన్ని వెలుగుకు పెట్టి అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఎంత తిప్పినా అంతే అక్కా. పొడి శుద్ధంగా ఉంది. ఇంక మాస్టారిని వదిలెయ్."

మాస్టారిని వదిలేసింది. అనుమానాన్ని వదల్లేదు. పొడిలో మందు లేదు, మాంసంలో మాత్రం మందు పనితనం కనిపిస్తోంది. అంటే మందు దారిలో ఎక్కడో కలిసింది. వారానికోసారి దాణా కలిపినప్పుడు ఒక్కో రకం నుంచి ఒక్కో గుప్పెడు తీసి, తేదీ రాసి బీరువాలో దాస్తారు. ఆ గుప్పెళ్లన్నీ బూజమ్మాయి బల్ల మీద పరిచింది. ఆ అమ్మాయి నిట్టూర్చి, పళ్లేలు కడుక్కుంది.

శుక్రవారం పొద్దునకి తేలిపోయింది. ఎరుపు దాణాకు గుడి లేదు. నీలం దాణాకు వెడల్పాటి గుడి, అది మందు కలిపిందే కాబట్టి. పచ్చ దాణాకు, పొడి మాత్రమే ఉండాల్సిన దాణాకు, సన్నగా ఉంగరమంత గుడి. ఒక వారానిది కాదు. ఆరు వారాలదీ అంతే.

"పొరపాటేమో అక్కా" అంది బూజమ్మాయి.

"పొరపాటు ఒకసారి జరుగుతుందే. ఆరుసార్లు జరిగితే అది ఎవరిదో అలవాటు."

దాణా గది తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. అక్కడ పనిచేసే పెద్దాయన దగ్గర. అందరూ ఆయన్ను బాబాయ్ అంటారు. ఆమె దాణా గది వదిలి వచ్చేటప్పుడు పనంతా నేర్పించి అప్పగించింది ఆయనకే. ఈ కేంద్రంలో నమ్మకం అనే మాట ఆమె ఎవరి గురించైనా వాడిందంటే ఆయన ఒక్కడి గురించే. చలిగదిలోకి వెళ్లి కోటు తొడుక్కోకుండానే చాలాసేపు నిలబడింది. బాబాయ్ ఎందుకు చేస్తాడు? ఎవరు చేయిస్తున్నారు? మాస్టారా? పన్నెండేళ్లుగా ఆయన ఇచ్చిన టీ తాగిన గుర్తులన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి, త్రాసులో పెట్టి చూసుకుంది. ఏ టీలో ఏముందో ఇప్పుడెలా తెలుస్తుంది?

శుక్రవారం దాణా కలిపే రోజు. అదే పరీక్షకు రెండో విడత పిల్లలు అప్పటికే పెరుగుతున్నాయి కాబట్టి, అవే నాలుగు రకాలు కలుపుతున్నారు. ఆమె దాణా గది కిటికీ పక్కన, బయట, గోడకు ఆనుకుని నిలబడింది.

బాబాయ్ దాణా కలిపే తిరుగుడు డ్రమ్ములో ముందు తెలుపుకు కలిపాడు. తర్వాత ఎరుపుకు. ఆ తర్వాత మందు పొట్లం విప్పి నీలానికి కలిపాడు. డ్రమ్ము ఖాళీ చేసి, ఒక బస్తా ఉత్త జొన్న అందులో పోసి పది నిమిషాలు తిప్పాడు. గోడలకు అంటిన మందును ఆ జొన్న తుడిచి తెస్తుంది. నీళ్లు పోస్తే దాణా ముద్దకడుతుంది కాబట్టి డ్రమ్మును ఇలాగే శుభ్రం చేస్తారు. ఆ జొన్నను ఒక పాత గోనె బస్తాలోకి దించాడు. అంతా పద్ధతిగానే ఉంది. చివరగా పచ్చ రకానికి జొన్న తూచాలి. ఆయన కొత్త బస్తా విప్పలేదు. ఇప్పుడే దించిన ఆ బస్తానే ఎత్తి, డ్రమ్ములో గుమ్మరించాడు.

"బాబాయ్!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నువ్వా? కిటికీలోంచి పిలుస్తావేంటమ్మా, దొంగలాగ?"

"ఆ బస్తాలో ఏమిటి?"

"జొన్న."

"ఏ జొన్న?"

"కడుగు. డ్రమ్ము కడిగింది. నలకైనా లేని గింజ, పారబోయడానికి చేతులెలా వస్తాయి? మళ్లీ తూకంలో వేసేస్తా."

"దేన్ని కలిపిన తర్వాత కడిగింది?"

"నీలం కలిపిన..." అని ఆయన ఆగిపోయాడు. డ్రమ్ము మాత్రం ఆగలేదు. అది తిరుగుతూనే ఉంది. ఆయన చెయ్యి చాచి మీట నొక్కడానికి చాలాసేపు పట్టింది.

"కడుగు పారేయొద్దని నీకెవరు చెప్పారు బాబాయ్?" ఆమె గొంతు పదును తేలింది. ఇప్పుడు పేరు బయటికొస్తుంది. చేయించినవాడి పేరు.

ఆయన ఆమెను వింతగా చూశాడు. "ఎవరు చెప్పారేంటి? నువ్వే చెప్పావు. ఈ బస్తా మీద రాసింది నువ్వు కాదూ?"

ఖాళీ బస్తాను తిప్పి చూపించాడు. గోనె మీద నల్లరంగుతో మూడక్షరాలు, పన్నెండేళ్లకు పైబడి వెలిసి, కడుగు.

ఆమె లోపలికొచ్చి ఆ బస్తా మీదే కూర్చుంది.

డ్రమ్ము కొత్తగా వచ్చిన రోజుల్లో అప్పటి అధికారి చెప్పాడు, ఒక రకం దాణా కలిపాక ఇంకో రకం కలిపేలోపు ఉత్త జొన్నతో డ్రమ్మును కడగాలని. కడిగిన జొన్నకు ఒక పేరు కావాలి. ఆమె కడుగు అని రాసింది. బియ్యం కడిగిన నీళ్లను ఎవరు పారబోస్తారు? పాదులో పోస్తారు, పశువుకు పెడతారు. ఆ మాటలోనే పనికొస్తుందన్న అర్థం ఉంది. అప్పట్లో నిజంగానే పనికొచ్చేది. మందుల పరీక్షలు లేవు, ఒక గింజ బదులు ఇంకో గింజ పెట్టి చూసేవాళ్లు, అంతే. "పారేయకు బాబాయ్, తూకంలో కలిపెయ్" అని ఆమే చెప్పింది. తర్వాత మందులొచ్చాయి. మాట మాత్రం పాతదే మిగిలింది. అదే రోజు ఆమె ఆ గోనె మీద ఎంగిలి అని రాసి ఉంటే, ఈ పన్నెండేళ్లలో ఒక్కడైనా దాన్ని ముట్టుకునేవాడా?

"పచ్చ రకం ఆఖర్న ఎందుకు కలుపుతున్నావు?" అని అడిగింది, గొంతులో పదునేమీ లేకుండా.

"పొడి ఘాటు కదమ్మా. ముందు కలిపితే వాసన మిగతా వాటికి అంటుకుంటుందని డాక్టరుగారు భయపడ్డారు."

వాసన ఉన్నదాన్ని అందరూ అనుమానించారు. వాసన లేని మందు ఎవరి కంటా పడకుండా నడిచి వెళ్లింది.

బాబాయ్ డ్రమ్ము పక్కన చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఆమె బస్తా అంచును వేళ్లతో రుద్దుతోంది. ఈ మూడక్షరాలు చెరిపేస్తే అడిగేవాళ్లు లేరు. బూజమ్మాయి కూడా నాలుగు రోజులకు మరిచిపోతుంది. రిపోర్టు వెళ్తుంది, మాస్టారు సంతోషిస్తాడు, మరదలు పిల్లలను దించుకుంటుంది. మూడు వేల పిల్లలు పొడి ఒక్కదాన్నే తింటాయి. వాటిని కాపాడడానికి ఆ షెడ్డులో ఏ ఎంగిలీ ఉండదు.

లేచి నేరుగా డాక్టరుగారి గదికి వెళ్లింది.

"పచ్చ దాణాలో మందు కలిసింది సార్. తప్పు నాది."

ఆయన కలం ఆపారు. "ఎవరు చెప్పమన్నారమ్మా నీతో?"

"ఎవరూ చెప్పమనలేదు."

"దాణా గది వదిలి నువ్వొచ్చి పన్నెండేళ్లు. అక్కడి తప్పు నీదెలా అవుతుంది? ఆ పెద్దాయన్ని కాపాడాలని చూస్తున్నావా?"

"పళ్లేలు చూడండి సార్. బస్తా కూడా చూడండి."

ఆయన పళ్లేలు చూశారు, బస్తా చూశారు. సన్నటి గుళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టారు. సగం రాసిన రిపోర్టును బల్ల మీద బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"పొడి అసలు పనిచేయలేదంటావా?"

"అదే తెలీదు సార్. పొడి పనిచేసిందో, మందు పనిచేసిందో, రెండూ కలిసి చేశాయో. మాంసం నీళ్లు వదుల్తుంది గానీ మాటలు చెప్పదు."

శనివారం పొద్దున పెరట్లో మరదలికి అంతా చెప్పింది. మరదలు చివరిదాకా విని, చేతులు తుడుచుకుంది.

"ఇంతకీ ఊఁయా, ఉహూఁయా?"

"తెలీదే."

"తెలీదు అనే మాట నీ నోటెంట రావడం ఇదే మొదలు. నిజం చెప్పు వదినా. ఆ మాస్టారు బెదిరించాడా?"

"లేదే."

"పోనీ మందులమ్మేవాళ్లు ఎవరైనా నీ నోరు నొక్కారా?"

"నా నోరు నొక్కేవాడు ఇంకా పుట్టలేదు."

"అదీ నిజమే. కానీ ఇన్నేళ్లూ లోకం అంతటినీ వేలెత్తి చూపించిన మనిషివి, ఇవాళ ఆ వేలు నీ వైపే తిప్పుకుంటే నేనెలా నమ్మను? ఎవరి తప్పో నీ నెత్తినేసుకుంటున్నావు. మా ఆయనకి అక్కవి, నాకు మాత్రం నిజం చెప్పవు. ఏదీ, ఆ బస్తా చూపించు."

బస్తా చూడడానికి ఇద్దరూ కేంద్రానికి నడిచారు. మరదలు గోనె మీదకి వంగి, అక్షరాలను దగ్గరగా చూసింది. డకూ, గకూ ఉన్న కొమ్ములు రెండూ తోక తొక్కిన పిల్లిలా పైకి లేచి ఉన్నాయి.

"ఇంత వంకర కొమ్ము నువ్వు తప్ప భూమ్మీద ఎవరూ పెట్టరు" అంది. "మా ఇంట్లో డబ్బాలన్నిటి మీదా ఇదే కొమ్ము. సరే, నమ్మాను."

తర్వాత ఎవరినీ అడక్కుండా డాక్టరుగారి గదిలోకి వెళ్లిపోయింది. చుక్కలక్క వెనకాలే పరుగెత్తింది.

"డాక్టరుగారూ, మీరు మళ్లీ పరీక్ష చేస్తారట కదా. మీరు పిల్లలకు క్రిములు తాగించి జబ్బు తెప్పిస్తారు. నా షెడ్డులో ఆ శ్రమ ఉండదు. రెండు బ్యాచీలుగా అవి అక్కడే కాపురముంటున్నాయి. మధ్యలో వల కట్టండి. ఒక సగానికి పొడి, ఒక సగానికి ఏమీ వద్దు. చచ్చిన పిల్లల నష్టం మీది, బతికిన కోళ్లు నావి. దాణా మాత్రం మీ డ్రమ్ములో కలపడానికి వీల్లేదు. కింద పరవడానికి కొత్త పరదా, కొత్త పార, నా చేతులు."

డాక్టరుగారు ఆమెను, ఆమె వెనక నిలబడ్డ చుక్కలక్కను మార్చి మార్చి చూశారు. "మీ ఇంట్లో ఆడవాళ్లంతా ఇంతేనా?" అన్నారు. తర్వాత ఒప్పుకున్నారు.

మాస్టారి దగ్గరికి పొడి కోసం చుక్కలక్కే వెళ్లాల్సి వచ్చింది. తప్పు ఒప్పుకుంది. ఆయన విని, "మొన్న నేను దొంగనన్నావు. ఇవాళ నేను మంచివాణ్నే గానీ నా పొడి సంగతి తెలీదంటున్నావు. నయమే" అన్నాడు. పొడి ఇచ్చాడు. ప్రతి పొట్లం మూతి మీద అడ్డంగా సంతకం పెట్టి మరీ ఇచ్చాడు, మధ్యలో ఎవరైనా విప్పితే తెలిసేలాగ.

సోమవారం మూడు వేల పిల్లలు దిగాయి. పసుపు దూది ఉండల్లా వలకు అటు సగం, ఇటు సగం.

ఆ ఆరు వారాలూ చుక్కలక్కకు షెడ్డులోకి ప్రవేశం లేదు. గుమ్మం దగ్గర క్రిములను చంపే నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచాక కూడా మరదలు చెయ్యి అడ్డం పెట్టేది.

"అక్కడే ఆగు వదినా. చేతులు చూపించు."

"కడుక్కునే వచ్చానే."

"నీ కడుగు సంగతి తెలిసింది కదా. దూరం నుంచి చూసి వెళ్లు."

ఆమె దూరం నుంచే చూసేది. జాలీ సందుల్లోంచి, ఎగిరే పొట్టు మధ్య నుంచి. ఇన్నాళ్లూ తను ఇతరుల మీద వేసిన చూపు బరువెంతో అక్కడ నిలబడితే తెలిసింది. కానీ కోపం రాలేదు. తను నేర్పిన పనిని ఎవరో బాగా చేస్తుంటే చూసినట్టుంది. మూడో వారంలో జబ్బు లేచింది. ఏమీ పెట్టని సగంలో కోళ్లు రెక్కలు జార్చి, మెడలు లోపలికి లాక్కుని, వాన పడుతున్నట్టు నిలబడ్డాయి. పొడి సగంలో కూడా కొన్ని అలాగే నిలబడ్డాయి. మరదలు పొద్దున్నే చచ్చినవాటిని బుట్టలోకెత్తేది. ఏ సగంలో ఎన్నో చెప్పేది కాదు. చెబితే వదిన చెయ్యి తూకంలో ఒరుగుతుందని.

నలభై రెండు రోజులు నిండాక రెండు సగాల నుంచీ ముక్కలు చలిగదికి చేరాయి. పట్టీల రంగులు మరదలే ఎంచింది, పసుపు, ఊదా. ఏది దేనిదో కాగితం మీద కూడా రాయలేదు, మనసులోనే పెట్టుకుంది. మర్నాడు తూకానికి తనూ వచ్చింది. మొగుడి చలికోటు మోకాళ్లదాకా వేలాడుతుంటే, వదిన స్టూలు లాక్కుని కూర్చుంది.

చుక్కలక్క ఇత్తడి రాయిని తుడిచి త్రాసు మీద పెట్టింది. ఒక్కో ముక్కనూ కొక్కెం నుంచి దించి, మెత్తటి కాగితంతో అద్ది, తూచి, రాసింది. నలభై ముక్కలు. గదిలో ఇద్దరి ఊపిరీ పొగలా కనిపిస్తోంది. ఆఖరి ముక్క అయ్యాక కూడి, భాగించి, కాగితం మీద గీత గీసింది.

"ఊదావి దాదాపు ఐదు వదిలాయి" అంది. "పసుపువి మూడుంపావు."

మరదలి మొహంలో ఏమీ కదల్లేదు. "ఇంకోసారి తూచు."

"నా తూకం తప్పంటావా?"

"తూచు వదినా."

మళ్లీ నలభై ముక్కలు. మళ్లీ గీత. మూడుంపావుకు ఒక పిసరు అటూ ఇటూ.

"మందుకు రెండున్నర" అంది చుక్కలక్క. "పొడి ఏదైనా గానీ, మందంత కాదు. రెండు సగాలకూ తేడా మాత్రం నిజం. పసుపు ఏదో ఇప్పుడైనా చెబుతావా, నన్నిక్కడే వేలాడదీస్తావా?"

మరదలు లేచింది. కడ్డీ పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది.

"పొడి" అంది. "చచ్చినవి కూడా రెండో సగంతో పోలిస్తే మూడో వంతే."

"మరి ఆసామి మూడున్నర దాకా తీసుకుంటాడుగా."

"తీసుకుంటాడు. ఇక్కడికే రమ్మంటా. నీ ముందే తూచుకుని తీసుకెళ్తాడు."

కోటు విప్పకుండానే బయటికి నడిచింది. వరండాలో ఎండలో నిలబడి పిల్లలను పంపేవాళ్లకు ఫోను చేసింది. లోపల త్రాసు తుడుస్తున్న చుక్కలక్కకు సగం మాటలే వినిపించాయి.

"మూడు వేలు... ఆఁ, షెడ్డు ఉంటుంది, ఎక్కడికీ పోదు... ఈసారి వల లేదు, అంతటికీ పొడే... పక్కాగానే చెబుతున్నానండీ. మా వదిన తూచింది... లేదు లేదు, నేను పక్కనే కూర్చుని చూశాను. రెండుసార్లు."